రూపాంతర శిలకు పసుపు కుంకుమ

నేను నాగాయలంక దగ్గర ఒక ఊళ్లో సోషల్ టీచర్ని. మా దివిసీమలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే తప్ప రాయి కనబడదు. అందుకే తనిఖీ రోజున రూపాంతర శిలల పాఠం చెబుదామని, తూర్పు కనుమల నుంచి అలలు అలలుగా చారలున్న రాయొకటి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కడిగి, ఆరడానికి ఇంటి అరుగు మీద ఉంచాను.

తెల్లారేసరికి దానికి పసుపు, కుంకుమ! చుట్టూ చేరిన ఆడవాళ్లు పాలు పోస్తున్నారు.

"జంట పాములండీ టీచరుగారూ! మోపిదేవి సుబ్బారాయుడే మీ ఇంటికొచ్చాడు," అంది పక్కింటి రమణమ్మ పిన్ని.

"భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రాయి మారిపోయి, అలా చారలు పడ్డాయి పిన్నీ," అన్నాను.

"మహిమంటే అదే కదండీ మరి!"

ఎత్తబోతే అందరూ చేతులు అడ్డం పెట్టారు. అవతల అధికారి వచ్చే వేళయింది. చేసేది లేక పిల్లల్నే మా అరుగు దగ్గరికి తీసుకొచ్చి, భయపడుతూనే పాఠం చెప్పాను. వెనక నిలబడి విన్న అధికారి "చాలా బాగా చెప్పారమ్మా" అని మెచ్చుకుని, బూట్లు విప్పి, రాయికి దణ్ణం పెట్టారు. పిల్లలంతా నా వైపు చూశారు. నేనూ పెట్టేశాను.

ఆ ఏడు పరీక్షలో రూపాంతర శిలల ప్రశ్నకు మా పిల్లలందరూ జవాబు సరిగ్గా రాశారు. ఆ ఘనత నాదంటే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.