చీకటి అడిగిన పిల్లవాడు

2022. కార్తీకం వచ్చినా వానలు వదలని ఏడాది. ఊరి పేరు చెప్పనుగాని, విజయనగరం జిల్లాలో ఒక అబ్జర్వేషన్ హోమ్‌లో కౌన్సెలర్‌గా పనిచేసేదాన్ని. నేరం చేశారని పోలీసులు పట్టుకొచ్చిన పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని, కేసు తేలేదాకా ఉంచే చోటు అది. దాన్ని జైలు అనకూడదు. మేమూ అనం. గోడ ఎత్తు చూసిన పిల్లలు మాత్రం వచ్చిన పూటే అనేస్తారు.

కౌన్సెలర్ అంటే ఏం చేస్తారని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. పిల్లలతో కూర్చుని మాట్లాడతాను, వాళ్లు మాట్లాడకపోతే ఊరికే కూర్చుంటాను అని చెబితే, "దానికి జీతం కూడానా!" అని మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది. ఆ ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆవిణ్ని ఒక్కరోజు రమ్మంటే తెలిసేది.

పొద్దున్నే పిల్లల్ని "ఏం చేసి వచ్చావు?" అని నేను అడిగేదాన్ని కాదు. ఆ మాట పోలీసులు అడిగారు, కేసు చూసే బోర్డు అడిగింది, పక్క మంచం వాడూ అడిగేశాడు. నేను అడిగేది "రాత్రి ఏం కల వచ్చింది?" అని. కల గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు కదా! ఒకడు శృంగవరపుకోట కొండల మీంచి గాల్లో నడుచుకుంటూ వచ్చేవాడు. ఇంకొకడికి వాళ్ల నాయనమ్మ ముద్ద కలిపి నోటిదాకా తెచ్చేది, సరిగ్గా అప్పుడే గంట కొట్టేవారు. వాడు ఆ గంటని తిట్టని రోజు లేదు. వాళ్లు కలలు చెబుతున్నంతసేపూ నాకు ఆ గోడ కనబడేది కాదు.

దానయ్య ఒక్కడే ఏమీ చెప్పేవాడు కాదు. అది వాడి అసలు పేరు కాదు, ఇలాంటి పిల్లల పేర్లు బయట పెట్టకూడదని చట్టం. శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టే ఇంటివాడు. పెద్దవాళ్లతో కలిసి పడవ ఇంజను ఎత్తుకుపోయాడని కేసు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"రానేదు మేడమ్."

"ఒక్కటీ రాలేదా?"

"నిద్దరొస్తే కదా కలొస్తాది!"

నిజమే. మా హాల్లో రాత్రంతా లైట్లు వెలిగేవి. అంతకుముందు ఒక కుర్రాడు చీకట్లో గోడ దూకి పారిపోయాడట. అప్పటినుంచి, ప్రతి మంచమూ కెమెరాలో కనబడేలా, తెల్లవార్లూ ట్యూబులైట్లు ఆర్పకూడదని నియమం పెట్టారు. చాలామంది దుప్పటి ముసుగేసుకుని ఎలాగో కళ్లు మూసేవారు. దానయ్య వల్ల కాలేదు. ఒకరోజు చెప్పు విసిరి ట్యూబు పగలగొట్టాడు. కొత్తది వేస్తే దాన్నీ పగలగొట్టాడు.

అక్కడే చిక్కు వచ్చి పడింది. ఇలాంటి కేసులు చూసేది జువెనైల్ జస్టిస్ బోర్డు. మేజిస్ట్రేటు ఒకరు, సమాజసేవ చేసేవారు ఇద్దరు కలిసి కూర్చుంటారు. సోమవారం దానయ్య బెయిలు సంగతి తేల్చాలి. ట్యూబులు పగలగొడుతున్నాడు, మాట వినడు అని మా సూపరింటెండెంటు గారు రాసి పంపితే బెయిలు మాట దేవుడెరుగు, వేరే జిల్లాలో ఉన్న హోమ్‌కి మార్చేస్తారు. చేపల గంప మోసుకుని ఊరూరా తిరిగే వాళ్లమ్మకి అంత దూరం వచ్చి వాణ్ని చూసే వీలుండదు. ఆ బెంగతో వాడు సగమైపోయాడు.

సూపరింటెండెంటు గారితో నేను గట్టిగానే పోట్లాడాను. "లైట్లు ఆర్పండి సార్, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను.

"మీకేటి మేడమ్, సెప్పేసి ఇంటికెళ్లిపోతారు. రేపెవడైనా గోడ దూకితే మెమో నాకొస్తాది. మీకు రాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. పిల్లలకి జ్వరమొస్తే గంజి తనే కాచి తెచ్చేవాడు.

అలాంటి సమయంలో శాసనసభ కమిటీ వస్తోందని కబురొచ్చింది. పిల్లల్ని నిర్బంధించే చోట్లు చట్టం చెప్పినట్టే నడుస్తున్నాయా లేదా అని కొందరు ఎమ్మెల్యేలు కలిసి వచ్చి చూసి, అసెంబ్లీకి నివేదిక ఇస్తారు. ఇక మా హోమ్‌లో పెళ్లి హడావుడి! గోడలకి సున్నం, గుమ్మానికి మామిడాకులు. సూపరింటెండెంటు గారు అంతటితో ఆగారా? హాలు కళకళలాడాలని ఇంకో నాలుగు లైట్లు బిగించారు. నేను నెత్తి కొట్టుకున్నాను.

కమిటీ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. ఛైర్‌పర్సన్ గారు మా వైపు రైతుబిడ్డే. కాటన్ చీర, పెద్ద బొట్టు, పెద్ద గొంతు. పిల్లల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏటర్రా, మీకేటైనా లోటున్నాదేటి?" అని అడిగారు.

"ఏ లోటూ లేదండి!" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో. అంతకుముందు రోజంతా అదే నేర్పారు మరి. అని, వరసగా ఆవలించారు.

ఆవిడ ఆ ఆవలింతలే చూశారు. వెనక వరసలో కూర్చునే తూగుతున్న దానయ్యని పిలిచి దగ్గర నిలబెట్టుకున్నారు.

"నీకేటి కావాలిరా అయ్యా?"

"సీకటి కావాలమ్మా."

హాలంతా గొల్లుమంది. కమిటీలో ఒకాయన, "మా ఊళ్లో కావల్సినంత ఉన్నాది, కరెంటోళ్లు ఊరికే ఇస్తన్నారు, అంపమంటావేటి?" అన్నాడు. దానయ్య నవ్వలేదు.

"అమాస రేత్రి మావోళ్లు తెప్ప మీద దీపమెట్టరమ్మా. దీపముంటే ఏటీ అగుపించదు. సీకట్లో కవళ్ల సేపల గుంపు ఎల్తన్నాదనుకో, నీళ్లు లోపలినుంచి మెరుస్తాయి. మా అయ్య సెయ్యెత్తి సూపిస్తాడు. ఎవులూ మాటాడరు. ఇక్కడ కళ్లు మూసినా ఎలుగే. నిద్దర నేక బుర్ర తిరిగిపోతన్నాది. అందుకే సెప్పు ఇసిరీసినాను."

సూపరింటెండెంటు గారి ముఖం పాలిపోయింది. గోడ దూకిన కుర్రాడి సంగతి, మెమో సంగతి, కెమెరా సంగతి గబగబా చెప్పుకున్నారు. ఛైర్‌పర్సన్ గారు అంతా విని, "మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు బాబూ. ఒక్కసారి ఆ లైట్లు ఆర్పండి" అన్నారు.

ఆర్పారు. కిటికీల్లోంచి పగలు లోపలికి వస్తూనే ఉంది. "దుప్పట్లు కట్టండ్రా" అన్నారావిడ. పిల్లలకి పండగే! మంచాలెక్కి, ఒకరి మీద ఒకరు పడుతూ, కిటికీలన్నీ మూసేశారు. తలుపు వేయగానే మిట్టమధ్యాహ్నం రాత్రయింది. కమిటీవాళ్లు తడుముకుంటూ పిల్లల మంచాల మీదే కూర్చున్నారు. పైన రేకుల మీద వాన మొదలైంది.

"ఇప్పుడు సెప్పు, మీ సముద్రం గురించి" అన్నారు ఛైర్‌పర్సన్ గారు.

దానయ్య గొంతు చీకట్లోంచి మెల్లగా వచ్చింది. ముందు ఏమీ ఉండదట. నీరేదో ఆకాశమేదో తెలియదట. చెయ్యి నీళ్లలో పెడితే వేళ్ల చుట్టూ సన్నగా వెలుగు పుడుతుందట. తర్వాత దూరంగా ఎక్కడో నీటి అడుగున తెల్లటి మబ్బు కదిలినట్టు కదులుతుందట. అది చేపల గుంపు. అది ఎటు తిరిగితే తెప్ప అటు తిరుగుతుందట. నేను మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. ఒట్టు, ఆ మంచం కదిలినట్టే అనిపించింది. వాన చప్పుడు కాస్తా అలల చప్పుడైంది. ఎంతసేపలా ఉన్నామో తెలియదు.

వాడి మాటలు నెమ్మదించాయి. మధ్యలో ఒకటి తెగింది. ఆ తర్వాత రాలేదు. నా కళ్లు చీకటికి అలవాటుపడ్డాక చూస్తే, దానయ్య ఛైర్‌పర్సన్ గారి మోకాలికి తల ఆనించి నిద్రపోయాడు. వాడొక్కడే కాదు, హాలు హాలంతా ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయారు. కరెంటోళ్ల జోకు వేసినాయన కూడా సన్నగా గుర్రు పెడుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. చీకటే కదా అని దాచుకోలేదు.

"లేపీమంటారా అమ్మా? టీ, పకోడీలు..." అన్నారు సూపరింటెండెంటు గారు గుసగుసగా.

"ఉష్! ఎవర్నీ లేపకండి" అన్నారావిడ.

పకోడీలు చల్లారిపోయాయి. పిల్లలు లేచేదాకా కమిటీ కదల్లేదు. వరండాలోంచే ఆవిడ మా శాఖ పై అధికారికి ఫోన్ చేశారు. "నివేదికలో ఎలాగూ రాస్తాం, అది అసెంబ్లీకి ఎల్లేదాకా ఈళ్లకి నిద్దరొద్దేటి?" అని ఆ గొంతుతో అడిగితే ఎవరు కాదంటారు! సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. పడుకునే వేళ పెద్ద లైట్లు ఆర్పాలి, గుమ్మం దగ్గర చిన్న దీపం చాలు, అక్కడ వార్డెన్ మేలుకుని ఉండాలి. సూపరింటెండెంటు గారు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నారు. రేపెవడైనా గోడ దూకినా మెమో తన మీదకి రాకుండా కాపాడే కాగితం, ఇన్నాళ్లూ ఆయనకి కావలసిందీ అదే.

మర్నాడు పొద్దున్న నేను చెప్పులైనా విప్పకముందే దానయ్య పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, కలొచ్చినాది!"

"ఏమొచ్చింది రా?"

"ఏటీ నేదు మేడమ్. మా ఇంటికాడ పడుకున్నాను. అంతే."

నిద్రలో వాడు చూసిన కల, ఇంట్లో నిద్రపోవడం! నేను వాడి తల నిమిరాను.

సోమవారం సూపరింటెండెంటు గారి రిపోర్టు బోర్డు ముందుకు వెళ్లింది. "ట్యూబులైట్లు పగలగొట్టాడు, నిద్ర పట్టక. ఇప్పుడు పడుతోంది, ఏ గొడవా లేదు" అని ఉన్నదున్నట్టు రాశారాయన. మేజిస్ట్రేటు గారు అది చదివి దానయ్యని రెండు మాటలడిగి, వాళ్లమ్మ పూచీ మీద బెయిలు ఇచ్చారు. ఆ తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని, ఎక్కడ మళ్లీ పిలుస్తారోనని వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచింది.

ఈ పనిలో ఎన్ని కేసులు చూసినా నేను ఇదొక్కటే అందరికీ చెబుతుంటాను. పిల్లల చట్టాలు అసెంబ్లీలోనే పుడతాయి. అవి బాగున్నాయో లేదో తేలేది మాత్రం పిల్లవాడి పక్క దగ్గర. అక్కడ కాసేపు కూర్చునేవాళ్లు కావాలి.

బయటికి వెళ్లిన పిల్లవాడు ఎలా ఉన్నాడో కనుక్కోవడం కూడా మా పనే. బెయిలు వచ్చిన మర్నాడు పొద్దెక్కాక దానయ్య వాళ్లమ్మకి ఫోన్ చేశాను. వెనకాల సముద్రం హోరు వినబడుతోంది.

"ఉన్నాడమ్మా, ఇంకా లెగనేదు" అందామె. "లేపమంటావా?"

"వద్దమ్మా, పడుకోనీ" అన్నాను.