మెడ ముందువైపు

తిరువూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతుంటాను. శ్వాసవ్యవస్థ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద మెడ బొమ్మ గీస్తాను. పైన మాట పలికించే స్వరపేటిక, దాని కింద గాలి వెళ్ళే వాయునాళం, ఆ నాళాన్ని ముందు నుంచి కౌగిలించుకున్నట్టు థైరాయిడ్ గ్రంథి, వెనక అన్నం దిగే గొట్టం. గొంతు మీద వేళ్ళు పెట్టుకుని మింగండర్రా అంటే క్లాసంతా ఒక్కసారే గుటకలు వేసి నవ్వుతుంది. మెదడుకు పుర్రె ఉంది, గుండెకు పక్కటెముకలున్నాయి. మెడకు ముందువైపు మాత్రం చర్మం, పల్చటి కండరం తప్ప అడ్డమేమీ లేదు. ఊపిరి, కూడు, మాట అన్నీ ఆ బెత్తెడు చోట్లోనే ఇరుక్కుని వెళ్ళాలి. మా ఆడవాళ్ళకు పెళ్ళి కూడా అక్కడే కడతారు.

అమ్మానాన్నలది మా పక్క వీధి. ఒక మధ్యాహ్నం అమ్మ తలెత్తి చెంబుతో నీళ్ళు తాగుతుంటే, పసుపుతాడు పక్కన నిమ్మకాయంత ఉబ్బు ఒకటి గుటకతో పాటు పైకి లేచి కిందికి దిగింది. గుటకతో కదిలే గడ్డ థైరాయిడ్‌దేనని పిల్లలకు నేనే చెబుతాను.

"మళ్ళీ తాగమ్మా" అన్నాను.

"దాహం లేదే."

"దాహం సంగతి తర్వాత. తాగు."

తాగింది. మళ్ళీ కదిలింది. ఎప్పటి నుంచని అడిగితే, "ఉందిలే, నొప్పేం లేదు" అని పైట మెడ దాకా లాక్కుంది.

విజయవాడ తీసుకెళ్ళాం. సూదితో కాస్త కణజాలం తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు. ఇప్పుడే ఆ గ్రంథి తీసేస్తే భయపడాల్సిందేమీ లేదని డాక్టరు నిదానంగా, రెండుసార్లు చెప్పాడు. అమ్మ కూడా బుద్ధిగా తలూపింది. ఆపరేషన్‌కు చేర్చిన రోజు నర్సు వచ్చి గాజులు, ముక్కుపుడక, మెడలోవి అన్నీ తీసివ్వమంది.

"పసుపుతాడైనా ఉంచుకోవచ్చా అమ్మా?" అంది మా అమ్మ.

"కోసేదే అక్కడండీ, ఎట్లా ఉంచుతాం? కావాలంటే చేతికి కట్టుకోండి."

అమ్మ మంచం దిగి చెప్పులేసుకుంది. మేం బతిమాలుతూ వెనకాల నడుస్తుంటే బస్టాండుకు ఆటో మాట్లాడుకుంది.

దీనికో కారణం ఉంది. అంతకు ముందు ఏడాది అమ్మ మెడలో బంగారు తాడు లంకె తెగితే, పుస్తెలతో సహా కంసాలికిచ్చి వచ్చింది. ఒక్క పూటే కదా అని మెడలో నల్లపూసలు మాత్రం ఉంచుకుంది. ఆ సాయంత్రమే నాన్న మామిడితోటలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. స్టెంటు వేశారు, బతికాడు. అమ్మ మాత్రం బంగారాన్ని నమ్మడం మానేసి పుస్తెలు పసుపుతాడుకు ఎక్కించుకుంది. పాత తాడు విప్పేది కొత్తది కట్టుకున్నాకే. మెడ ఒక్క క్షణం కూడా బోసిపోకూడదు.

నేను ఊరుకునే రకం కాదు. "నేను నా పుస్తెలు స్నానాల గదిలో కొక్కేనికి తగిలించి మర్చిపోయి కాలేజీకి వెళ్ళిన రోజులున్నాయి. మీ అల్లుడికేమైందమ్మా?" అన్నాను.

"ఆయన గుండె గట్టిది. మీ నాన్నది కాదు."

"ఒక్కసారి జరిగినదాన్ని రుజువంటారా?"

"రెండోసారి చూద్దామా మరి?"

సైన్సు చదివినందుకు సిగ్గేసింది, ఒళ్ళు మండింది. నాన్న మీద ఇంకా మండింది. "మీరు గట్టిగా చెబితే వింటుంది నాన్నా" అంటే, "చెప్పానమ్మా, వినదు. దాని ఇష్టం" అనేవాడు. చెప్పడం నేనూ విన్నాను. పొలంలో కూలీల మీద అరిచే మనిషి, ఇంట్లో ఈ ఒక్క మాట మాత్రం గోడతో చెప్పినట్టు చెప్పేవాడు. ఎక్కడో ఒక మూల ఆయనకూ ఆ భయం పట్టుకుందని నాకు అర్థమైంది. అది ఆయన మొహం మీద అడగడానికి నాకు నోరు రాలేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. అమ్మ విస్సన్నపేటలో ఎవరో ఇచ్చిన పసరు రాసుకుంది, హోమియో చక్కెర మాత్రలు మింగింది. మొదట గొంతు బొంగురుపోయింది. జలుబంది. జలుబు కాదని నాకు తెలుసు. స్వరపేటికను ఆడించే నరం ఆ గ్రంథి వెనకాలే వెళుతుంది. గడ్డ దాన్ని పట్టుకుందన్నమాట. తర్వాత అన్నం ముద్దకు ముద్దకు మధ్య నీళ్ళు తాగడం మొదలైంది. అంటే అన్నం దిగే గొట్టం నొక్కుకుపోతోంది. నేను పిల్లలకు చెప్పే పాఠాన్ని అమ్మ మెడ మీద ఒక్కో గీతగా చూస్తూ వచ్చాను. ఆ ఏడాది ఆ బొమ్మ గీయలేక, పుస్తకంలో చూసుకోండర్రా అన్నాను.

మామిడికాయలు కోసే రోజుల్లో ఒక ఉదయం నాన్న ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి అమ్మ అరుగు మీద ముందుకు వంగి కూర్చుని ఊపిరి లాగుతోంది. లాగినప్పుడల్లా ఈల శబ్దం వస్తోంది. కారులో మైలవరం దాటేసరికి పెదవులు నల్లబడ్డాయి. హాస్పిటల్లో స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే నర్సు కత్తెర తీసి మెడలో తాడు టక్కున కత్తిరించింది. ఎవర్నీ అడగలేదు, అడిగే టైమూ లేదు. పుస్తెలు ప్లాస్టిక్ కవర్లో వేసి నాన్న చేతిలో పెట్టి తలుపు మూసేసింది. నాన్న ఆ కవరు పట్టుకుని నిలబడిపోయాడు. రెండేళ్ళు మేమంతా కలిసి చేయలేని పని అంతసేపట్లో అయిపోయింది.

వాయునాళానికి ముందు నుంచి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గడ్డ నాళాన్ని చుట్టేసిందని, ఇక తీయడానికి లేదని బయటికొచ్చి చెప్పారు. మర్నాడు మెలకువ రాగానే అమ్మ చెయ్యి మెడ దగ్గరికే వెళ్ళింది. తాడు లేదు, గొట్టం తగిలింది. కళ్ళు పెద్దవి చేసుకుని తలుపు వైపు చూసింది. నాన్న లోపలికొచ్చాడు. టీ తాగి వచ్చాడు, మీసం తడిగా ఉంది. అమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆ మొహంలో సంతోషం లేదు.

ఇంటికి తెచ్చాం. గొట్టం మూతి మీద వేలుంచి ఊపిరి వదిలితే కాస్త మాట వస్తుందని నర్సు నేర్పించింది. అమ్మ మాత్రం మాట్లాడే ప్రయత్నమే చేయలేదు. ఒక శుక్రవారం నాన్న కొత్త దారానికి తనే పసుపు రాసి, పుస్తెలెక్కించి మంచం దగ్గరికి తెచ్చాడు. గొట్టానికి తగలకుండా వదులుగా కడతానన్నాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. రంధ్రం మీద వేలు పెట్టుకుంది.

"మీకేం కాలేదుగా" అంది.

మాట కాదది, గాలి. నాన్న అది ప్రేమనుకున్నాడు. "ఏం కాలేదే, రాయిలా ఉన్నాను చూడు" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి చూసింది. అదేమిటో నాకు తెలిసింది. తాడు తెగినా ఆయనకేం కాలేదు, దాని కోసం తనే రెండేళ్ళు పోగొట్టుకుంది. ఆ పుస్తెల వైపు చూపించి వద్దని చెయ్యి ఊపింది. నాన్న ఎన్నిసార్లు తెచ్చినా అలాగే ఊపింది.

పత్తి తీతలు మొదలయ్యాక అమ్మ పోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళొచ్చి స్నానం చేయించారు. పుణ్యాత్మురాలు, పసుపు కుంకుమలతో వెళ్ళిపోతోంది, ఇంత అదృష్టం ఎందరికుంటుంది అని ఒకరి తర్వాత ఒకరు కాళ్ళకు దణ్ణం పెట్టుకున్నారు. పళ్ళు కొరుక్కుని విన్నాను. ఒక పెద్దావిడ పుస్తెలు తెమ్మంది.

"అమ్మ వద్దంది" అన్నాను.

"నోట మాటే లేని మనిషి ఎట్లా చెప్పిందమ్మా? బోసిమెడతో పంపుతామా?"

"చెప్పింది. కట్టడానికి వీల్లేదు" అని మంచానికి అడ్డంగా నిలబడ్డాను. నా గొంతు వీధిలోకి వినపడుతోందని తెలుసు.

నాన్న గదిలోకి వెళ్ళి పుస్తెలతో తిరిగొచ్చాడు. నా మొహం చూడకుండా వాటిని ఆ పెద్దావిడ చేతిలో పెట్టాడు.

"కట్టనీ తల్లీ" అన్నాడు. "నేను బతికే ఉన్నాను కదా."

పక్కకు జరిగాను. తాడు కట్టారు, గొంతు ముందు గొట్టం తీసేసిన చోట పెట్టిన దూది మీద కూడా పసుపు పూశారు.