మావయ్యా, ఇవాళ రెస్ట్

మా వదిన పోయిందన్న కబురు నాన్నకు నేనే చెప్పాను. మర్నాడు మళ్లీ చెప్పాను. అప్పటినుంచి రోజూ చెబుతూనే ఉన్నాను. నరసరావుపేటలో కాలేజీ పిల్లలకు పాఠం చెబుతూ కూలబడిపోయింది వదిన. ఆ మాట మా మనసుల్లో మెల్లగా ఇంకుతోంది గానీ, మతిమరుపు పట్టిన నాన్నకు మాత్రం పొద్దున్నే కొత్త కబురు.

"నాకెందుకు చెప్పలేదే? ఆఖరి చూపు గూడా లేకుండా చేశారు గదే!" అని ఏడుస్తాడు. తను లేనప్పుడు కోడలు వెళ్లిపోయిందన్నదే ఆయన్ను ఎక్కువగా తినేస్తోంది.

నాన్న నడికుడి దగ్గర రైల్వే గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మతిమరుపు మొదలైన కొత్తలో, తెల్లారగానే ఖాకీ చొక్కా వేసుకుని డ్యూటీకని పట్టాల వైపు నడిచేవాడు. అడ్డం వెళితే, "బండొచ్చే టైమైంది. గేటు ఎవుడేస్తాడే, నీ బాబా?" అని నన్నే కసిరేవాడు. నా బాబు తనేనన్న సంగతి కోపంలో గుర్తుండేది కాదు. అన్నయ్య వీధి తలుపుకు తాళం వేద్దామన్నాడు. వదిన పడనివ్వలేదు.

"మావయ్యకి తెలియాల్సింది ఒకటే గదా, ఇవాళ డ్యూటీ ఉందా లేదా అని. అదే చెబుదాం" అంది.

వదిన కాలేజీలో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పేది. ఫోన్‌లోనే పైథాన్ రాసి విడ్జెట్ తయారుచేసుకునే యాప్ ఒకటి ఆమె దగ్గర ఉండేది. విడ్జెట్ అంటే ఫోను ముందు తెరమీద ఉండే చిన్న పెట్టె. ఏ యాప్‌నూ తెరవక్కర్లేదు, ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, అందులో రాసింది కనపడుతుంది. "వెతుక్కోవడం మావయ్య వల్ల గాదు. చూపు పడితే చాలు, చదివేట్టుండాల" అంటూ, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే అక్కడే నిలబడి రాయడం మొదలుపెట్టింది. ఆ పది రోజులూ కూరల్లో ఉప్పు ఎక్కువైందని అన్నయ్య గొణుగుతూనే ఉన్నాడు.

తెలుగు ఎమ్మే చదివినదాన్నని మాటలు రాసే పని నాకిచ్చింది. "మీరు పదవీ విరమణ చేశారు" అని రాసిచ్చాను. నాన్న తన ఫోనులో అది చదివి, "నన్ను తీసేసిందెవుడ్రా?" అని అన్నయ్య మీద చెయ్యెత్తాడు. వదిన ఆ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని, రైల్వేలో పని లేని రోజును ఏమంటారని అడిగింది.

"రెస్టంటారమ్మాయ్. చార్టులో రాసుంటది."

మర్నాడు పెట్టెలో తేదీ, వాన కబురు, వాటి పైన పెద్ద అక్షరాలు కనపడ్డాయి: "మావయ్యా, ఇవాళ రెస్ట్." నాన్న చదివాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"అబద్ధం గదా వదినా?" అన్నాను.

"రిటైరైనాయనకి రోజూ రెస్టే. అబద్ధమేముంది అందులో? ఆయనకి లేనిపోనిది నేను రాయను. ఒకసారి నమ్మకం పోయిందంటే ఇంక ఈ పెట్టె వైపు చూడరు" అంది.

ఒక రోజు ప్రోగ్రామ్ ఎక్కడో ఆగిపోయి పెట్టె ఖాళీగా ఉండిపోయింది. నాన్న పట్టాలదాకా వెళ్లిపోయాడు. టీకొట్టు ఆయన చూసి కూర్చోబెట్టబట్టి సరిపోయింది. వదిన ఆ రోజు కాలేజీ మానేసి, కళ్లు తుడుచుకుంటూనే అంతా తిరగరాసింది. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని నేర్పింది, తప్పు చేసినప్పుడల్లా నెత్తిన మొట్టింది. "ఏదన్నా ఆగిపోతే ఏం కనపడాలో ముందు రాయి. తేదీ రాకపోయినా ఫర్లేదు, వాన కబురు రాకపోయినా ఫర్లేదు. రెస్టన్న ఈ ఒక్క ముక్క మాత్రం పోగూడదు" అంది. ఆమే లేకపోతే నాన్నను మేము ఎప్పుడో పోగొట్టుకునేవాళ్లం.

పెద్దకర్మ అయ్యాక అన్నయ్య నాన్న ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "రోజూ ఈ ఏడుపు చూడటం నావల్ల గావడంలే. అది కాలేజీకి పోయిందని రాసెయ్యవే. చదువుకుని ఊరుకుంటాడు" అన్నాడు. అన్నయ్యను ఏమనగలను? ఆయన భార్యను పోగొట్టుకున్న మనిషి. అలాగే టైపు చేశాను. సాయంత్రమయ్యేసరికి నాన్న ఆమె కోసం వీధిలోకి వెళ్లి నిలబడతాడు, అప్పుడేం రాయాలి? చెరిపేశాను.

నాన్న రోజూ అడుగుతున్నదేమిటో అప్పుడు ఆలోచించాను. ఆఖరి చూపు గురించి అడుగుతున్నాడు. వదినను తీసుకెళ్లిన రోజు అందరికన్నా ముందున్నది ఆయనే. వద్దంటున్నా వినకుండా పాడె అంచు పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు. ఆ సంగతి ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

వదిన రాసిన మాట అలాగే ఉంచి, దాని కింద నాది చేర్చాను: "నాన్నా, వదిన పోయింది. నువ్వు దగ్గరుండి సాగనంపావు."

ఇప్పుడు నాన్న లేవగానే అది చదువుకుంటాడు. కళ్లనీళ్లు పెట్టుకుంటాడు గానీ, ఎందుకు చెప్పలేదని అడగడం మానేశాడు. మంచం మీద కూర్చుని ఫోను అరచేతిలో పెట్టుకుంటాడు. కాసేపటికి తెర ఆరిపోతుంది. బొటనవేలితో మళ్లీ వెలిగించుకుంటాడు.