బాషాబీకి నలభయ్యే

మార్కాపురం పలకల షెడ్డులో చట్రాలు బిగించే బాషాబీకి నలభై ఏళ్లు. పిత్తనాళాల వాపుతో కళ్లు పచ్చబడ్డాయి. అరచేతులు దురద పెడితే గరుకు పలకకేసి రుద్దుకుంటుంది. పేగుల్లో పుండ్లు కూడా ఉండటంతో ఎక్కడికి పోయినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుంటుంది. పనికి మాత్రం నాగా పెట్టదు. మొన్న పెద్దాసుపత్రి డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు చూసి, "మన కణాల్లో టెలోమియర్లని, వయసుతోపాటు అరిగే చిన్న కొసలుంటాయమ్మా. ఈ జబ్బుకు నీవి తొందరగా అరిగిపోయాయి. నీకు నలభయ్యే గానీ వాటికి అరవై," అన్నాడు. బాషాబీ మందుల చీటీని ఆయన ముందుకు జరిపింది. "అయితే అరవై అని రాసియ్యండి సారూ. పింఛనుకు పెట్టుకుంటా." డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన పెన్ను కదలకపోవడం చూసి చీటీ మడిచి రవికలో దోపుకుంది. "రాయలేరు గదా. అట్లయితే నాకు నలభయ్యే."