ఐదో నంబరు సాంచె మీది జంధ్యప్పోగు

కుడిచెయ్యి నా పానాల డబ్బా మీద పెట్టి చెబుతున్నాను, ఇందులోని ప్రతి మాటా నిజం. నా పేరు సత్యనారాయణ. అయినా వరాలా తలావ్ అనే చెరువులో మొసలిని గాలమేసి పట్టానని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ని కనుక, నాలాంటివాడికి ముందుగా ఒక ప్రమాణం అవసరం.

2022లో, దసరాకు కాస్త ముందు. అప్పటికి భీవండిలో సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు, బాగుచేసే పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఆ ఊళ్లోనే నార్పోలిలో దశరథం సేటుకు ఎనిమిది సాంచెల కార్ఖానా ఉంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు, మితభాషి. కానీ కలం పడితే మనిషి వేరు. శవాలు, పాడుబడ్డ బావులు, చచ్చినా ఇల్లు వదలని ముసలమ్మలు. ఆయన కథలు తెలుగు పత్రికల్లో వచ్చేవి. కార్ఖానాలో కండెలు చుట్టే లచ్చవ్వ వాటిని భోజనాల వేళ పైకి చదివేది. మిగతావాళ్లు ముద్ద మింగకుండా వినేవారు.

ఆ ఏడాది ఆయన ఒక కథ రాశాడు. అందులో ఒక సాంచె తనను నడిపేవాడికే కఫన్ గుడ్డ, అంటే శవం మీద కప్పే బట్ట, నేస్తుంది. అది అచ్చయిన నెలలోనే ఐదో నంబరు సాంచె నాడెను విసరడం మొదలుపెట్టింది. నాడె అంటే షటిల్. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే, ఇనుప మొనలున్న కొయ్య ముక్క. అది దారి తప్పితే తూటాయే. రెండుసార్లు గోడకు తగిలింది. మూడోసారి ఆ సాంచె నడిపే గంగాధర్ భుజానికి తగిలి ఎముక చిట్లింది.

గంగాధర్ కట్టుతో వచ్చి కూర్చున్నాడు. లచ్చవ్వ అందరి తరఫునా మాట్లాడింది.

"సేటూ, గుడికి నువ్వు పోంగ మేం చూడలే. దేవునికి దండం పెట్టంగ చూడలే. రాసేటియన్ని దయ్యాల ముచ్చట్లు. గవ్వే వచ్చి సాంచెల కూసున్నయ్. సోమారం దాంక చూస్తం. గుడిల కొబ్బరికాయ కొట్టి, ఇగ రాయనని ఒట్టు పెట్టు. లేకుంటే మేం శాంతి నగర్‌ల వేరే కార్ఖానా చూసుకుంటం."

సేటు నన్ను పిలిపించాడు.

అంతకుముందు రెండుసార్లు వచ్చి చూశాను. పికర్, అంటే నాడెను తన్నే ముక్క, బాగుంది. నాడె పెట్టెలు బిగువుగానే ఉన్నాయి. సాంచె గొర్రెపిల్లలా నడిచింది. ఈసారి పానా పట్టుకునే ముందు గంగాధర్‌ను అడిగాను.

"నాడె ఎప్పుడెప్పుడు ఎగిరిందిరా?"

"కొత్త బీము ఎక్కినప్పుడల్లా అన్నా. మొదటి గంటల్నే. తర్వాత ఏం లేదు."

బీము అంటే పడుగు చుట్టిన పెద్ద కడ్డీ. నేనెప్పుడూ మర్నాడు వచ్చేవాణ్ని. దయ్యమైతే మొదటి గంటకే ఎందుకు అలసిపోతుంది? శనివారం పొద్దున కొత్త బీము ఎక్కిస్తుంటే దగ్గరే ఉన్నాను. ఐదో నంబరుకు కొత్త బీము పోగులను పాతవాటికి అతికేది సేటే, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వడు. ఆయన టీకి పోగానే కళ్లజోడు పెట్టుకుని, పడుగు మీద వేళ్లు ఆనించి జరుపుకుంటూ పోయాను. పాలిస్టర్ పోగులు నున్నగా జారుతున్నాయి. నట్టనడుమ ఒక్కటి గరుకుగా తగిలింది. నూలు పోగు. నూగు లేచి పక్క పోగులను అంటుకుంటోంది. అక్కడ పడుగు సరిగ్గా విచ్చుకోదు. నాడె వచ్చి దానికి గుద్దుకుంటే పైకి లేస్తుంది.

సేటు తిరిగొచ్చేసరికి ఆ పోగు నా వేళ్ల మధ్య ఉంది.

"అది జంధ్యం పోగు సత్తన్నా. శ్రావణంల నూలి పున్నానికి కొత్తది ఏసుకున్నంక, పాతది నీళ్లల్ల కలపబుద్ధి గాదు నాకు. ఇది నేను కొన్న మొదటి సాంచె. బీము ఎక్కినప్పుడల్లా ఒక పోగు మార్కండేయుని పేరు మీద కలుపుత. మొదటి మూరలు దేవునియి."

"ఎన్నేండ్ల సంది?"

"పదిహేనేండ్లు."

పదిహేనేళ్లూ ఆయన నేసింది నూలు గుడ్డ. నూలులో నూలు కలిసిపోయింది. ఆ ఏడాదే పాలిస్టర్‌కు మారాడు. జంధ్యం పోగు మొదటి గంటలోనే గుడ్డలోకి పోయి అయిపోయేది, ఆ తర్వాత సాంచె మామూలే.

"మరి గీ ముక్క వాళ్లకు చెప్పకపోతివేంది? దేవుడు లేనోడు అంటున్నరు నిన్ను."

"దేవుణ్ని సాక్ష్యానికి పిలుసుడు నాకు చాతగాదు. కతలంటవా, మన కులదేవుడు మార్కండేయుని కత దేంతోని మొదలైతది? పదహారేండ్ల పోరని మెడకు యముడు పాశం ఏసుడుతోని. చీకటి నేను కనిపెట్టలే. చిన్నప్పుడు మా నాయిన ఆ కత చెప్తుంటే, పోరడు లింగాన్ని పట్టుకున్న కాడ అందరు దండం పెట్టేటోళ్లు. నేను పాశం కాడనే ఆగిపోయిన. ఇంక అక్కడనే ఉన్న. భయమైనప్పుడు రాస్త. రాసినంక దండం పెడ్త." నా వేళ్ల మధ్యనున్న పోగును చూసి అడిగాడు. "అంటే గంగాధర్‌ను కొట్టింది నా మొక్కేనా?"

ఆయనే ఆ పోగు తీసుకుని కార్మికుల దగ్గరికి నడిచాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, గంగాధర్ ముందు చేతులు జోడించాడు. లచ్చవ్వ పోగును వెలుతురుకు పట్టి చూసింది.

"గింత భక్తి ఉన్నోనివి, నడుమ ఎందుకు పెడితివి సేటూ? బీము చివరన చుట్టరాదా? దేవునికి ఆడ కనపడదా?"

"ఇగ రాసుడు మానకు సేటూ," అన్నాడు గంగాధర్. "నా భుజం గురించి కూడ ఒకటి రాయి."

సోమవారం ఎనిమిది సాంచెలూ నడిచాయి. ఆ తర్వాత నాకొక అలవాటైంది. యంత్రం మొరాయిస్తే అరిగిన భాగం కంటే ముందు, ఎవరైనా ప్రేమగా దాంట్లో ఏం పెట్టారో వెతుకుతాను.

ఇప్పుడు పానాల డబ్బా మీద నుంచి చెయ్యి తీస్తున్నాను. సేటు కార్మికుల దగ్గరికి నడిచాడన్న దగ్గర నుంచి, గంగాధర్ మాట దాకా నేను కల్పించింది. నిజానికి సేటు కాళ్లు కదలలేదు. నేనే పోగును జేబులో వేసుకుని, బాగున్న పికర్‌ను విప్పి "ఇదిగో మీ దయ్యం, అరిగిపోయింది" అని చూపించాను. నేను చెప్పిన అన్ని అబద్ధాల్లో వాళ్లు దాన్నే నమ్మారు. తన భుజం ఎందుకు చిట్లిందో గంగాధర్‌కు తెలియకుండానే ఇన్నేళ్లు గడిచాయి.

కిందటి నెల ఇది రాసి సేటుకు చూపించాను. రెండుసార్లు చదివాడు.

"నేను గట్ల పోయి చెప్పినట్టు రాసినవు."

"ఆ ముక్క అబద్ధంగ ఉన్నన్ని దినాలు దీన్ని అచ్చుకు పంప," అన్నాను.

ఆదివారం ఇద్దరం గంగాధర్ ఇంటికి పోయాం, సేటు జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతను మాత్రం నేను రాసినట్టు మాట్లాడలేదు. భుజం తడుముకుంటూ, "ఆ పోగు ఉన్నదా?" అని అడిగాడు. ఇన్నాళ్లూ పానాల డబ్బాలో దాచినదాన్ని తీసి ఇచ్చాను. మళ్లీ తిరిగి ఇవ్వలేదు.