ఆఖరి పోగు

తొంభైల్లో, ఆదివారాలు గాజువాక నుంచి బస్సెక్కి సముద్రం ఒడ్డుకి చేపలకి వెళ్లేవాణ్ణి. అక్కడ నన్ను వరస కలిపి బావ అని పిలిచే జాలరి ఒకాయన ఉండేవాడు. పడవ ఒడ్డెక్కగానే చేపల్ని వాటాదార్లకి పోగులు పెట్టేది ఆయనే. పెట్టినవాడు ముందు తీసుకున్నా కాదనేవాళ్లు లేరు. అయినా అందరూ ఎత్తుకున్నాకే ఆఖరి పోగు తన గంపలోకి తోసుకునేవాడు.

"మిగిలిందే నాది బావ," అనేవాడు నాతో.

చుక్క ముట్టని ఆ మనిషికి కాలేయంలో క్యాన్సర్ అన్నారు. తాగుబోతు తమ్ముడేమో ఆస్పత్రి మంచం పక్కన నిక్షేపంలా నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదెక్కడి న్యాయమని డాక్టరు మీద విరుచుకుపడ్డాను.

కామెర్ల వైరస్ అన్నదమ్ములిద్దరి ఒంట్లోనూ ఉందట. దాన్ని తట్టుకునే జన్యువులు మాత్రం ఒక తల్లి బిడ్డలకైనా ఒకేలా రావట. డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు.

పచ్చబడిన కళ్లతో ఆయన అంతా విన్నాడు.

"అంటే అమ్మా అయ్యా కూడా పోగులెట్టీసినారన్నమాట. పెద్దోణ్ణి కదా బావ, ఆ ఒక్కపాలీ నాను ముందు తీసీసుకున్నాను."

తమ్ముడు గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన చెయ్యి చాచి వాడి చొక్కా అంచు పట్టుకున్నాడు.

"ఆడికి మంచి పోగే మిగిలింది. ఏడుత్తన్నాడేటి బావ?"