కూలికి పెట్టిన శాపాలు

ఊళ్ళో సభ పెట్టాలంటే వక్త కంటే ముందు జనాల పెద్దమ్మకు కబురు వెళ్ళాలి. వక్త రాకపోయినా సభ ఎలాగోలా నడుస్తుంది, కుర్చీలు ఖాళీగా ఉంటే నడవదు. ఆమె వృత్తి జనాన్ని సరఫరా చేయడం. తలకింత అని కూలి మాట్లాడుకుని, తన వాటా తీసుకుని, మిగిలింది ఆడవాళ్ళ చేతిలో పెట్టేది. ఎండలో నిలబడితే ఒక రేటు, నీడలో కూర్చుంటే ఒక రేటు. ఏడవాలంటే మాత్రం రేటు వేరు, ఎందుకంటే ఒక పూట ఏడ్చిన గొంతు మర్నాడు నినాదాలకు పనికిరాదు. చంకలో పసిపిల్లను కూడా తెమ్మంటే ఆ పిల్లకు సగం కూలి.

సభ దేనికని ఆమె ఎవర్నీ అడిగేది కాదు.

"దేనికని అడిగితే మనకో అభిప్రాయం పుడుతుందే. అది పుట్టాక బేరం కుదరదు" అని తన మనుషులకు బుద్ధులు చెప్పేది.

ఆ లెక్కన ధర్మమూ, దాని విరుగుడూ రెండూ ఆమె పెరట్లోనే తయారయ్యేవి. ఆడవాళ్ళ హక్కుల సభలో "నా ఒళ్ళు, నా ఇష్టం" అని అరిచిన గొంతులే, తర్వాత ధర్మసంఘం సభలో "కడుపులో ప్రాణం కాపాడండి" అని అరిచాయి. ఆ రెండో సభలో ఒకావిడ అలవాటు కొద్దీ పాత నినాదమే అందుకుంది. పక్కవాళ్ళు వంత పాడారు. వేదిక మీద గురువుగారు కళ్ళు మూసుకునే చెయ్యెత్తి దీవించారు. ఆయనకు కావలసింది చప్పుడు.

గురువుగారు ధర్మసంఘానికి పెద్ద. మొదట్లో సారా మీద విరుచుకుపడేవారు. తన దాతల్లో సగంమంది సారా వ్యాపారులని తెలిశాక ఆ విషయంలో మౌనవ్రతం పట్టి, గర్భస్రావాల మీద పడ్డారు. పుట్టని బిడ్డల పేరిట ఒక నిధి తెరిచారు. ఆయన తెలివే తెలివి! పుట్టిన పిల్లలు ఆకలేస్తే అన్నం అడుగుతారు, కాస్త పెద్దయితే లెక్కలడుగుతారు. పుట్టనివాళ్ళతో ఆ బెడద లేదు. ఆ నిధితో సంఘం మేడ మీద మరో అంతస్తు లేచింది.

అవతల గర్భస్రావాలు చేసే ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ మాత్రం తక్కువ తిన్నదా! గురువుగారు తిట్టిపోసిన కొద్దీ ఆమె ఆసుపత్రి చిరునామా నలుగురికీ తెలిసింది. గొడవ జరిగిన రోజున ఫీజులో భద్రత ఖర్చు కూడా కలిపేది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ హాయిగా బతికేస్తున్నారు.

పెద్దమ్మ కూడా అలాగే హాయిగా బతికేసేది, ఇంట్లో ఆ పిల్ల లేకపోతే. ఆ పిల్ల చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక పెద్దమ్మే పెంచి పెళ్ళి చేసింది. మొదటి కాన్పులో పిల్ల రక్తం పోయి చావు దాకా వెళ్ళొచ్చింది. చంటిది ఇంకా పాలు తాగుతుండగానే మళ్ళీ నెల తప్పింది. ఈసారి తల్లి దక్కడం కష్టమని, ఆలస్యం చేయకుండా గర్భం తీయించుకోమని ప్రభుత్వాసుపత్రి డాక్టరు తేల్చేశాడు. అక్కడ పడక దొరక్క డాక్టరమ్మ దగ్గర రోజు ఖాయం చేసుకున్నారు.

సరిగ్గా ఆ రోజే గురువుగారు మైదానంలో సభకని జనాన్ని అడిగారు. నిలబడాలి, అరవాలి, ఏడవాలి. మంచి బేరం. ముందురోజు పెద్దమ్మ పెరట్లో అందర్నీ నిలబెట్టి "కన్నబిడ్డను చంపే కసాయీ!" అని గొంతు కలిసేదాకా అనిపించింది. లోపలి గదిలో చంటిదానికి పాలిస్తూ పిల్ల అంతా వింటూనే ఉంది. పెద్దమ్మకు ఆ సంగతి తట్టనే లేదు.

మర్నాడు పిల్లతో పెద్దమ్మ ఎక్కిన ఆటో ఆసుపత్రి వీధిలోకి తిరిగేసరికి గేటు ముందు తన మనుషులే కనిపించారు. మైదానంలో అయితే టీవీలో పండదని కెమెరావాళ్ళు అన్నారట, గురువుగారు సభను నేరుగా ఆసుపత్రి గేటు ముందుకే మార్చేశారు. పెద్దమ్మకు చెప్పాలని ఎవరికి తోస్తుంది! కొంగు ముఖం మీదికి లాక్కుని పిల్ల ఆటో దిగింది. కెమెరా అటు తిరిగింది. పెద్దమ్మ మనుషులు నేర్పిన పాఠం నేర్పినట్టు అప్పజెప్పారు. అందరికంటే ముందు గుండెలు బాదుకుంటున్నది ఏడుపుల వదిన, పెద్దమ్మ దగ్గరున్నవాళ్ళలో అందరికంటే ఖరీదైన మనిషి.

లోపల బెంచీ మీద కూలబడ్డారో లేదో, డాక్టరమ్మ వచ్చింది.

"జనాల పెద్దమ్మవి నువ్వేగా? వచ్చే వారం మా తరఫున ఒక ర్యాలీ తీయాలమ్మా. చంకలో పిల్లలున్నవాళ్ళయితే బావుంటుంది."

"ఎండా, నీడా?" అంది పెద్దమ్మ నోరు, ఆమెతో సంబంధం లేకుండా.

డాక్టరమ్మ వెళ్ళాక పిల్ల అడిగింది. "బయట తిట్టింది మనవాళ్ళేగా, పెద్దమ్మా?"

"నువ్వని వాళ్ళకి తెలీదు తల్లీ. కూలికొచ్చినోళ్ళు, మనసులో ఏమీ ఉండదు."

"అదే ఎక్కువ బాధగా ఉంది. నమ్మి తిట్టినా బావుండేది. నేనో మనిషినని తిట్టేవాళ్ళు."

నర్సు వచ్చి పిల్లను లోపలికి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో పెద్దమ్మకు మొదటిసారి సిగ్గేసింది. గేటు దాకా నడిచి, అడ్వాన్సు తీసి గురువుగారి ఒళ్ళో పడేసింది.

"మిగతా తిట్లు మీరే తిట్టుకోండి స్వామీ."

గురువుగారు మైకును అరచేత్తో మూశారు. "ఒప్పందం మధ్యాహ్నం దాకా కదమ్మా! కెమెరా ఇంకా ఉంది!"

"నా మనుషులు లేరు."

కొంగులు దులుపుకుని ఆడవాళ్ళు లేచారు. జనం లేనిచోట కెమెరాకు పనేముంది, అదీ వెళ్ళింది. కెమెరా పోయాక గురువుగారి ఆవేశం కూడా కారెక్కి వెళ్ళిపోయింది. ఏడుపుల వదిన మాత్రం కదల్లేదు.

"లే వదినా, పనైపోయింది."

"నాకు కడుపు నిలవలేదు పెద్దమ్మా. ఒక్కటీ నిలవలేదు. మిగతా సభల్లో కూలికే ఏడ్చాను. ఈ ఒక్క మాట మాత్రం కూలికి అనలేదు. నీ డబ్బులొద్దు, నన్ను కూర్చోనీ."

ఇన్నాళ్ళూ ఆ ఏడుపుకు పెద్దమ్మ రేటు కడుతూ వచ్చింది.

పొద్దు వాలాక పిల్ల గోడ పట్టుకుని బయటికొచ్చింది. గేటు దగ్గర వదిన లేచి నిలబడింది. పెద్దమ్మ గబుక్కున ఇద్దరి మధ్యకీ వచ్చింది. పిల్ల మాత్రం ఆగి వదిన కళ్ళలోకి చూసింది.

"నన్నేనా తిట్టింది?"

"నిన్నే. తప్పే అంటాను. రేపడిగినా అంటాను." వదిన పెద్దమ్మను పక్కకు జరిపింది. "కానీ పడిపోయేలా ఉన్నావు, ముందు చెయ్యియ్యి."

పిల్ల చెయ్యిచ్చింది. తన బరువంతా వదిన భుజం మీద వేసి నడిచింది. పెద్దమ్మ రెండో చెయ్యి పట్టుకోబోతే, పిల్ల ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.